పగడాల వీధి నుంచి లాయిడ్స్ రోడ్డు దాకా

సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, మన ఊరి చెరువు మీదో, ప్రాజెక్టుల మీదో ఒక వ్యాసం రాసివ్వు" అన్నారు. సరేనన్నాను. రెండు ఆదివారాలు కూర్చున్నా చెరువు మీద నాలుగు వాక్యాలకు మించి కదల్లేదు. మూడో ఆదివారం కాయితాల పెట్టె తెరిస్తే, పదేళ్ళుగా పోగేసుకున్న వేరే కట్ట ఒకటి చేతికి తగిలింది. మద్రాసులో ఒకప్పుడు ఉండిన యూదుల గురించి చదివినప్పుడల్లా రాసి పెట్టుకున్న కాయితాలవి. పల్నాటి బడి సంచికలో యూదుల గొడవ ఏమిటని మీరు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఈ కథ మన కృష్ణ ఒడ్డునే మొదలవుతుంది.

మాది 1984 టెన్త్ బ్యాచ్. ఎనిమిదో తరగతిలో ఉండగా సోషల్ మాస్టారు గోల్కొండ పాఠం చెబుతూ చాక్‌పీసు బల్ల మీద పెట్టి కిటికీలోంచి చెయ్యి చూపించారు. "కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు ఎక్కడో లేదురా, అదుగో అటు, సైకిలు మీద పోయి రావచ్చు" అన్నారు. ఆ ఆదివారమే నలుగురం మూడు సైకిళ్ళ మీద బయలుదేరాం. వజ్రాలు దొరకలేదు. గుంతలు, ముళ్ళకంపలు, గులకరాళ్ళు కనిపించాయి. నేను జేబు నిండా రాళ్ళు నింపుకొచ్చి అమ్మ చేత తిట్లు తిన్నాను. ఇప్పుడు అక్కడికి సైకిలు మీద పోవడానికి కూడా లేదు. పులిచింతల వచ్చాక, 2013 నుంచి, ఆ చోటు ఏడాదిలో చాలా భాగం నీళ్ళ కిందే ఉంటుంది.

ఇంజనీరింగు అయ్యాక కొన్నాళ్ళు మన వైపే పనిచేసి, తర్వాత చెన్నై చేరాను. నా పని వాననీటి కాలువలు. ఎక్కడ పల్లం ఉంది, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయి, పైపు ఏ వాలులో వెయ్యాలి, ఇవే నాకు తెలిసినవి. పదేళ్ళ కింద లాయిడ్స్ రోడ్డులో లెవెళ్ళు తీస్తున్నాం. ఇప్పుడు దాని పేరు అవ్వై షణ్ముగం సాలై, కానీ ఆటోవాళ్ళకి లాయిడ్స్ రోడ్డు అంటేనే తెలుస్తుంది. ఒక గేటు లోపల చిన్న ఆవరణ, ఇరవై కూడా లేని సమాధులు. కొన్ని రాళ్ళ మీది అక్షరాలు చూసి ఉర్దూ అనుకున్నాను. నాతో ఉన్న కుర్ర సర్వేయరు, ఉర్దూ చదవడం వచ్చినవాడు, వంగి చూసి, "ఉర్దూ కాదు సార్" అన్నాడు. హీబ్రూ. గేటు మీద కూడా హీబ్రూలోనే రాసి ఉంది, బేత్ హ-హయ్యీమ్ అని. జీవించి ఉన్నవాళ్ళ ఇల్లు అని దాని అర్థమట. శ్మశానానికి యూదులు పెట్టుకునే పేరు అది.

ఆ రోజు లెవెళ్ళు సరిగ్గా రాలేదు, మర్నాడు మళ్ళీ తియ్యాల్సి వచ్చింది. తప్పు నాదే, మనసు అక్కడ లేదు.

యూదులంటే మనకు వెంటనే కొచ్చి గుర్తుకొస్తుంది. అక్కడ 1568లో కట్టిన పరదేశి సినగాగ్ ఇంకా నిలబడే ఉంది, విహారయాత్రకు వెళ్ళిన ప్రతివాళ్ళూ చూసి వస్తారు. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మేం యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి, అది వేరే కథ. మద్రాసు యూదుల గురించి మాత్రం మద్రాసులోనే చాలామందికి తెలియదు. వాళ్ళు అక్కడ గట్టిగా నిలబడింది వందేళ్ళ లోపే. వచ్చిన కారణం రెండు రాళ్ళు. ఒకటి మనది, వజ్రం. రెండోది సముద్రంలోది, పగడం. పగడాన్ని రాయి అనకూడదని మా అమ్మాయి అంటుంది, అది జీవి కట్టుకున్న గూడట. బజారులో అమ్మేవాడికి మాత్రం రాయే.

ఎర్ర పగడం మన సముద్రంలో దొరకదు. మధ్యధరా సముద్రం నుంచి తీసి, ఇటలీలోని లివోర్నో రేవులో కోసి, పూసలు చేసి, లండన్ మీదుగా కంపెనీ ఓడల్లో మద్రాసుకు పంపేవాళ్ళు. పుస్తెల పక్కన పగడం గుచ్చుకునే ఇళ్ళు మనవి, నవరత్నాల్లో అదొకటి, కాబట్టి ఎంత వచ్చినా అమ్ముడయ్యేది. ఆ డబ్బుతోనూ, పగడంతో పాటు వచ్చిన వెండితోనూ ఇక్కడ వజ్రాలు కొని, చిన్న మూటలు కట్టి, సీలు వేసి అదే ఓడల్లో వెనక్కి పంపేవాళ్ళు. ఈ వ్యాపారం అటు లివోర్నోలో, లండన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదుల చేతిలో ఉండేది. వేల మైళ్ళ అవతలికి సరుకు పంపి, డబ్బు రావడానికి ఏడాదో రెండేళ్ళో ఆగాలంటే అవతలి చివర మన అనుకునే మనిషి ఉండాలి. అలా కొడుకులు, తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు మద్రాసు చేరారు. జార్జిటౌనులో పగడాల వర్తకుల వీధి ఇప్పటికీ ఉంది. కోరల్ మర్చంట్ స్ట్రీట్ అని బోర్డు, తమిళంలో పవళక్కార వీధి. అందులో ఈ రోజు నేను చూసినంతలో పగడం అమ్మే కొట్టు లేదు.

ఇంతవరకు వ్యాపారం కథ. నన్ను పట్టుకున్నది దాని వెనక ఉన్న భయం.

ఈ యూదుల పేర్లు చూడండి: రొడ్రిగ్స్, దో పోర్టో, ద ఫొన్సేకా, ద పైవా. అన్నీ పోర్చుగీసు పేర్లే. 1497లో పోర్చుగల్ రాజు తన దేశంలోని యూదులందరికీ బలవంతంగా బాప్తిస్మం ఇప్పించాడు. వాళ్ళను కొత్త క్రైస్తవులు అన్నారు. పైకి చర్చికి వెళ్ళడం, ఇంట్లో తలుపులు వేసుకుని శుక్రవారం సాయంత్రం దీపం పెట్టుకోవడం, ఇలా తరాలు గడిచాయి. దీపం పెట్టినవాళ్ళను పట్టుకోవడానికి 1536లో ఇంక్విజిషన్ అనే మత విచారణ కోర్టు పెట్టారు. 1560లో దాన్ని గోవాకు తెచ్చారు. పారిపోగలిగినవాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్‌కో లివోర్నోకో, తర్వాత లండన్‌కో చేరి, తాతల నాటి మతాన్ని బయటికి తీసుకున్నారు.

గోవాలో ఏం జరిగేదో చెప్పడానికి ఒక్క మనిషి చాలు. గార్సియా ద ఓర్తా పేరు ఆయుర్వేదం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు విని ఉంటారు. గోవాలో వైద్యుడు. మన దేశపు మందు మొక్కల గురించి, కలరా గురించి 1563లో గోవాలోనే పుస్తకం అచ్చు వేయించాడు. గవర్నర్లకు వైద్యం చేసినవాడు, పెద్ద మనిషిగానే 1568లో చనిపోయాడు. మరుసటి ఏడాదే అతని చెల్లెలు కతరీనాను యూదు మతం పాటిస్తోందని సజీవంగా కాల్చేశారు. అన్న కూడా లోపల యూదుడేనని విచారణలో తేలిందన్నారు. 1580లో, పోయిన పన్నెండేళ్ళకు, ఆయన ఎముకలు తవ్వి తీసి వాటిని కాల్చారు.

మద్రాసు కోట దీనికి దూరం కాదు. పోర్చుగీసువాళ్ళు కట్టుకున్న శాంథోం కోట నుంచి ఐదు కిలోమీటర్లు. 1649లో ఒక సంగతి జరిగింది. మద్రాసులో ఎఫ్రాయిమ్ అని ఒక ఫ్రెంచి కపూచిన్ ఫాదరీ ఉండేవాడు. యూదుడు కాదు, ప్రొటెస్టెంటూ కాదు, సాక్షాత్తూ కేథలిక్ పూజారి. పోర్చుగీసు ఫాదరీలకు ఆయన మాటలు నచ్చలేదు. ఏదో పని మీద శాంథోంకు పిలిపించి, పట్టుకుని, గోవా ఇంక్విజిషన్‌కు పంపేశారు. దాదాపు రెండేళ్ళు అక్కడే ఉండిపోయాడు. ఆయన్ను విడిపించడానికి ఎవరెవరో ఉత్తరాలు రాశారు. చివరికి శాంథోం మీద వత్తిడి తెచ్చినవాళ్ళలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కూడా ఉన్నాడు. కేథలిక్ మత కోర్టు చెర నుంచి కేథలిక్ ఫాదరీని విడిపించడానికి గోల్కొండ ముస్లిం సేనాని పూనుకోవడం ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు. చదివి ఉంటే మా బ్యాచ్‌లో ఒకరిద్దరికైనా సోషల్‌లో మార్కులు పెరిగేవి.

ఐదు కిలోమీటర్ల దూరంలో ఫాదరీకే ఆ గతి పట్టింది. తండ్రి పోర్చుగల్ నుంచి పారిపోయి వచ్చిన యూదుడికి ఆ దూరం ఎంత దగ్గరగా అనిపించి ఉంటుందో ఆలోచించండి.

1680ల్లో మద్రాసు కోటలో ఆ యూదులు తలుపులు తెరుచుకుని బతికారు. వాళ్ళకు పెద్దలా ఉన్నవాడు జాక్ ద పైవా, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చాడు. గోల్కొండ పాలకులతో మంచి చేసుకుని గనుల నుంచి వజ్రాలు తెప్పించేవాడు. తమవాళ్ళు కోటలో ఉండటానికి కంపెనీ చేత అనుమతి ఇప్పించింది, పెద్దనాయకన్‌పేటలో, ఇప్పటి మింట్ వీధి చివర, యూదులకంటూ శ్మశానం ఏర్పాటు చేసింది ఇతనే. 1687లో గనులకు వెళ్ళి వచ్చి చనిపోయాడు. తాను కొన్న శ్మశానంలోనే పడుకున్నాడు. ఔరంగజేబు చేతిలో గోల్కొండ పడిపోయింది కూడా ఆ ఏడాదే. భార్య హియరోనిమా తర్వాత గవర్నరు ఎలైహు యేల్ ఇంట చేరింది, వాళ్ళకో కొడుకు. ఆ యేల్ మద్రాసులో సంపాదించినదాంట్లోంచి అమెరికాలో ఒక చిన్న కాలేజీకి 1718లో కొన్ని బేళ్ళ సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి పటం ఒకటి పంపితే, ఆ కాలేజీ ఆయన పేరే పెట్టుకుంది. అదే యేల్ యూనివర్సిటీ. మన సంచిక వెనక పేజీల్లో ఉన్న దాతలు దీన్ని గమనించగలరు.

1688 సెప్టెంబరు 29న మద్రాసు కార్పొరేషన్ మొదలైంది. ఇంగ్లండు బయట ఇంగ్లీషువాళ్ళు పెట్టిన మొదటి నగర పాలక సంస్థల్లో అదొకటి, మన దేశంలో మొదటిది. ఒక మేయరు, పన్నెండు మంది ఆల్డర్‌మన్‌లు. ఆ పన్నెండు మందిలో ముగ్గురు యూదులు: బార్తొలొమ్యూ రొడ్రిగ్స్, దొమింగో దో పోర్టో, ఆల్వారో ద ఫొన్సేకా. మరో ముగ్గురు హిందువులు. వాళ్ళలో చిన్న వెంకటాద్రి మనవాడే, కంపెనీకి పెద్ద వర్తకుడిగా పేరు పొందిన బేరి తిమ్మన్నకు తమ్ముడు. అన్నట్టు, కంపెనీ కాయితాల్లో తెలుగువాళ్ళను 'జెంటూ'లని రాసేవాళ్ళు, తెలుగు భాషకూ అదే పేరు.

ఒకే బల్ల దగ్గర ఒక పక్క వెంకటాద్రి, ఇంకో పక్క రొడ్రిగ్స్. నేను ఈ బొమ్మను చాలాసార్లు ఊహించుకున్నాను. మురుగు కాలువల సంగతే మాట్లాడుకుని ఉంటారనే నా నమ్మకం, ఏ మునిసిపాలిటీలోనైనా చివరికి మాట అక్కడికే వస్తుంది.

దీని బరువు తెలియాలంటే లండన్ వైపు చూడాలి. ఈ మద్రాసు కంపెనీకి యజమాని ఊరు అదే. అక్కడ యూదుడు ఆల్డర్‌మన్‌గా కూర్చోవాలంటే క్రైస్తవ ప్రమాణం అడ్డం. డేవిడ్ సాలమన్స్ అనే ఆయన ఎన్నికై కూడా ప్రమాణం దగ్గర ఆగిపోయి, చట్టం మారాక 1847లో గానీ ఆ కుర్చీలో కూర్చోలేకపోయాడు. మద్రాసులో ముగ్గురు కూర్చున్న 159 ఏళ్ళకు లండన్‌లో మొదటివాడు కూర్చున్నాడు. ఈ లెక్క నేను మూడు సార్లు వేసి చూసుకున్నాను.

ఇక్కడిదాకా చదివి, ఆహా, కంపెనీవాళ్ళు ఎంత ఉదారులో అనుకునేవాళ్ళుంటారు. నేనూ మొదట అలాగే పొంగిపోయి ఒకచోట ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ తర్వాత చదివింది వేరు. కంపెనీకి మతం మీద ప్రేమ ఏమీ లేదు. మొదట్లో ఈ యూదులను తన గుత్త వ్యాపారంలోకి దూరే దొంగ వర్తకులుగానే చూసింది. ఆపలేమని తెలిశాక అనుమతి ఇచ్చి, సరుకు తన ఓడల్లో పోయేట్టు చేసుకుని, దాని మీద రాబడి తీసుకుంది. ఊళ్ళో ఉన్న ప్రతి జాతి నుంచి ఇద్దరు ముగ్గురిని కార్పొరేషన్‌లో కూర్చోబెడితే పన్నులు వసూలు చెయ్యడం తేలికని లండన్ పెద్దల ఆలోచన. ఆ సమావేశం అయ్యాక రొడ్రిగ్స్‌లాంటివాళ్ళు కోట లోపలి తెల్లవాళ్ళ పేటలోనూ ఉండగలరు. వెంకటాద్రి మాత్రం బ్లాక్ టౌనుకే పోవాలి. అదే కోట రేవు నుంచి అదే సంవత్సరాల్లో బానిసలను ఓడలెక్కించి అమ్మేవాళ్ళు కూడా.

ఉపయోగం మారితే ఏమవుతుందో కేథలిక్కుల విషయంలో చూడవచ్చు. వాళ్ళకు మద్రాసు కోటలో చర్చి ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసు పట్టుకున్నారు, 1749లో తిరిగి ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. కేథలిక్కులు ఫ్రెంచివాళ్ళకు సాయపడ్డారన్న అనుమానం మీద కోటలోని వాళ్ళ చర్చి లాక్కుని, కొన్నాళ్ళకు కూలగొట్టారు. ఫాదరీలను బయటికి పంపారు. అర్మీనియన్లను తెల్లవాళ్ళ పేటలో ఉండొద్దన్నారు. వంద సంవత్సరాలు ఉండిన హక్కు ఒక ఉత్తరువుతో పోయింది. యూదుల జోలికి అలా పోలేదు, ఆ అవసరమూ రాలేదు. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాక మన గనుల గిరాకీ పడిపోయింది, గనులూ అప్పటికి చిక్కిపోయాయి. కొందరు లండన్ పోయారు, కొందరు ఇక్కడే చనిపోయారు. 1763లో పోయిన సాలమన్ ఫ్రాంకో తర్వాత చెప్పుకోదగ్గ పేర్లు తక్కువ. ఎవరూ తరమకుండానే పద్దెనిమిదో శతాబ్దం చివరికి ఆ సమాజం చెదిరిపోయింది.

అయినా నేను ఆ స్వేచ్ఛను దొంగ స్వేచ్ఛ అనలేను. ఇక్కడ నాకూ, మా ఇంట్లోనే చరిత్ర ఎం.ఏ. చదివిన మా తమ్ముడికీ వాదన. లాభం కోసం ఇచ్చింది స్వేచ్ఛ ఎలా అవుతుందని వాడు. ఇచ్చినవాడి లెక్క ఏదైనా, కతరీనాను కాల్చిన సముద్రానికి ఈ పక్కన ఇంకో ఆడది శుక్రవారం దీపం పెట్టి తలుపు మూసుకోనక్కర లేకపోయింది కదా అని నేను. ఆ తల్లికి కంపెనీ లెక్కల పుస్తకంతో ఏం పని? వాడింకా ఒప్పుకోలేదు. ఈ వ్యాసం చదివాక కూడా ఒప్పుకోడు.

వాడు వేసిన ఇంకో ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ స్వేచ్ఛ ఖరీదు ఎవరు కట్టారు అన్నాడు.

ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదిహేడో శతాబ్దంలో మన కొల్లూరుకు వచ్చాడు. గని అనే మన మాటను పేరులో కలిపి 'గని కూలూర్' అని రాసుకున్నాడు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు కలిపి అరవై వేల మంది అక్కడ పని చేస్తున్నారన్నాడు. మగవాళ్ళు తవ్వేవాళ్ళు, ఆడవాళ్ళూ పిల్లలూ మన్ను మోసేవాళ్ళు. గట్టు కట్టిన మడిలో మన్ను పోసి, నీళ్ళు పెట్టి, కలిపి, ఆరబెట్టి, గులకల్లోంచి వజ్రం ఏరేవాళ్ళు. అటు రావులకొండ గనుల్లో పని తెలిసిన కూలీకి కూడా ఏడాదికి మూడు పగోడాలే ముట్టేవని అతనే రాశాడు. పగోడా అంటే మన వరహా. 1702 ప్రాంతంలో మద్రాసు గవర్నరు థామస్ పిట్ కృష్ణ ఒడ్డు గనుల్లో దొరికిన 410 కేరట్ల వజ్రం ఒకటి జాంచంద్ అనే వర్తకుడి దగ్గర 48,000 పగోడాలకు కొన్నాడు. 1717లో దాన్ని ఫ్రాన్సు రాజప్రతినిధికి లక్షా ముప్పై ఐదు వేల పౌన్లకు అమ్మాడు. ఇప్పుడది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నలభై ఎనిమిది వేలను మూడుతో భాగిస్తే పదహారు వేలు. రెండు లెక్కలకూ మధ్య యాభై ఏళ్ళ తేడా ఉంది, నిజమే. అయినా మద్రాసులో చేతులు మారిన ఒక్క రాయి మీద పదహారు వేలమంది కూలీల ఏడాది కష్టం కూర్చుంది. వజ్రాల విషయంలో పిట్‌కు సలహా ఇచ్చేవాడు ఐజక్ సార్డో అబెందానా అనే యూదు వర్తకుడు. 1709లో చనిపోయాడు. నేను లాయిడ్స్ రోడ్డులో చూసిన సమాధుల్లో పాతది ఆయనదే.

ఆయన్ను పాతిపెట్టింది లాయిడ్స్ రోడ్డులో కాదు, మింట్ వీధి దగ్గర, పైవా ఏర్పాటు చేసిన శ్మశానంలో. అక్కడ ఇప్పుడు శ్మశానం లేదు. 1934లో కార్పొరేషన్ బడి కోసం ఆ చోటు తీసుకుని సమాధి రాళ్ళను ఒక పార్కుకు తరలించారు. హీబ్రూ అక్షరాల గేటు కూడా వాటితోనే వెళ్ళింది. 1983లో లాయిడ్స్ రోడ్డుకు చేర్చారు. ఏ కార్పొరేషన్ మొదటి సమావేశంలో ముగ్గురు యూదులు కూర్చున్నారో ఆ కార్పొరేషన్‌కే బడి కట్టడానికి చోటు కావలసి వచ్చింది. బడికి చోటు కావాలంటే కాదనడం ఎవరికైనా కష్టం, మన బడి ఆట స్థలం ఎలా వచ్చిందో పెద్దవాళ్ళకు తెలుసు.

నేను ఎవరినీ తప్పు పట్టే స్థితిలో లేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక రిజర్వాయరు ముంపు సర్వేలో మూడు నెలలు పనిచేశాను. ఇళ్ళకు ఒక కాలం, బావులకు ఒక కాలం, చెట్లకు ఒక కాలం. గుడి, మసీదు, చర్చి ఉంటే విడిగా రాయాలి. ఒక ఊరి చివర పది పన్నెండు సమాధులు కనిపించాయి. ఎవరివో అడగలేదు. ఏ కాలంలోనూ పట్టవు కాబట్టి 'ఇతరములు' అని రాసి, విలువ దగ్గర గీత పెట్టాను. ఒక ముసలాయన నా వెనకే నడుస్తూ వచ్చాడు, ఏదో చెప్పబోయాడు. ఎండగా ఉంది, జీపు వెళ్ళిపోతుందని నేను తొందరలో ఉన్నాను. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఆయన ఏం చెప్పబోయాడో ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

పోయిన సంక్రాంతికి ముందు పనుండి అటు వెళ్ళి, ఆ ఆవరణ ముందు బండి ఆపాను. గేటు తీసే ఉంది, లోపల ఎవరో ఊడుస్తున్నారు. యూదులు సమాధికి పూలు పెట్టరు, వచ్చి వెళ్ళినట్టు గుర్తుగా ఒక చిన్న రాయి పెడతారని చదివాను. అబెందానా రాయి మీద ఏమీ లేదు. ఎనిమిదో తరగతిలో కొల్లూరు నుంచి జేబు నిండా తెచ్చుకున్నవి అమ్మ అప్పుడే పారబోసింది, కాబట్టి అటునుంచి తెచ్చిన రాయి నా దగ్గర లేదు. బయటికి వచ్చి చూస్తే రోడ్డు పక్కన మా కాలువ పని తాలూకు కంకర కుప్ప ఉంది, ఇరవై ఎంఎం మెటలు. అందులోంచి కాస్త గుండ్రంగా ఉన్నది వెతికి తీసి, లోపలికి వెళ్ళి పెట్టి వచ్చాను.